ఒక్క మనిషి, రెండు వరుసలు

మొన్న మా మనవరాలు కాలేజీ కోసం ఏదో ప్రోగ్రాం రాస్తూ, చదువుకునే మనిషే పాఠం కూడా చెబితే ఏ రకం కింద వేయాలో తోచక తల పట్టుకుంటే, ఇటువంటి చిక్కును భువనగిరిలో మొట్టమొదట విప్పినవాణ్ణి నేనేనని మీసం దువ్వాను. మీసం నిజమే, విప్పడం మాత్రం కాస్త సాగదీసిన సంగతి.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం చివరికొచ్చిన రోజుల్లో, మా వంశవృక్షాన్ని ప్రోగ్రాంగా రాయాలని నాకు పిచ్చి పట్టింది. ఎంచుకున్న భాష మహా పట్టింపు గలది. సంబంధం చూడవచ్చిన పెద్దమనిషిలా ప్రతిదాని రకమూ ముందే చెప్పమంటుంది, చెప్పాక మాట మార్చనివ్వదు. మనిషి అనే రకం కింద ఇంటి బిడ్డ, ఇంటి కోడలు, అల్లుడు అని చిన్న రకాలు పెట్టాను. అందరూ బుద్ధిగా ఎవరి చోట వారు కూర్చున్నారు, ఒక్క నా భార్య తప్ప. ఆమె మా అక్క కూతురు. పుట్టుకతో మా ఇంటి బిడ్డ, నన్ను చేసుకుని అదే ఇంటికి కోడలు; పెళ్లికి ముందూ మామా అనే పిలిచింది, తర్వాతా మామా అనే పిలిచింది. ఆమెకు రాని చిక్కు యంత్రానికి వచ్చింది. రెండూ కుదరవంది. కుస్తీ పట్టి పట్టి, చివరికి కోడలని రాసి చేతులు దులుపుకున్నాను. అచ్చు తీసిన కాగితంలో అక్క పేరు కింద ఖాళీ మిగిలింది. అది చూసి మా ఆవిడ, “మామా, మరి నేను ఎవలకు పుట్టిన?” అని పకపకా నవ్విందని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పుకుంటున్నాను.

మనవరాలు విని, “తాతా, వరుస మనిషిల ఉండదు, ఇద్దరి నడుమ ఉంటది. దాన్ని వేరే రకం చేసి, ఎన్నుంటే అన్ని తగిలియ్యాలె” అంది. అట్లాగే రాసి చూపింది. తెర మీద అక్క పేరు కింద ఆమె బిడ్డ వచ్చి నిలిచింది.

చూడటానికి ఆ బిడ్డ లేదు. ఇద్దరి నడుమ ఉండేదే వరుసైతే, ఒకరు పోయాక అది ఎక్కడుంటుంది? వరుసలన్నీ అంకుల్, ఆంటీల్లో ఇమిడిపోయిన ఈ కాలంలో, నన్ను మామా అని పిలిచే గొంతు ఇంట్లో లేని ఈ కాలంలో, యంత్రానికి బుద్ధి వచ్చి ఎవరికి లాభం?

గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ ఇదంతా విన్న అక్క తలెత్తకుండానే అంది:

“నవ్విందా? నవ్వలేదుర తమ్మీ. గా కాయిదం పట్కొని నా దగ్గరికొచ్చి ఏడ్సింది. ‘అమ్మా, మామ నన్ను నీ బిడ్డ కాకుంట జేసిండే’ అన్నది.”