కుక్కర్ ఈలకు తాత వేసిన ముడి

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడి, బలం, పీడనం పాఠంలో ఉన్న ప్రెషర్ కుక్కర్ బొమ్మ మీద వేలు పెట్టి, దీని నెత్తిమీద టోపీలాగా ఉన్నదేమిటి అమ్మమ్మా అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. వైట్‌ఫీల్డ్‌లోని మా అమ్మాయి ఫ్లాటులో ఉన్నది కరెంటు కుక్కర్; మీట నొక్కితే దానిపాటికది ఉడికించి, దానిపాటికది ఆరిపోతుంది, కిక్కురుమనదు. అంటే పుట్టి బుద్ధెరిగాక ఈ పిల్ల తన ఇంట్లో కుక్కర్ ఈల విననే లేదన్నమాట! ఏళ్ల తరబడి బడిపిల్లలకు ఇదే పాఠం చెప్పి రిటైరైన సైన్సు టీచరు మనవరాలికి పట్టిన గతి చూడండి అనుకుని, అదొక బరువమ్మా, లోపలి ఆవిరి తోపుడు దాని బరువును మించినప్పుడు అది పైకి లేస్తుంది, ఆవిరి ఈల వేసుకుంటూ బయటికి పోతుంది అని చెప్పాను. నోరు చెబుతోందే గానీ, మనసు బెంగుళూరు పక్కనే ఉన్న ఆనేకల్‌లోని మా పెంకుటింటికి ఎప్పుడో వెళ్లిపోయింది.

మాది నేతగాళ్ల ఇల్లు. నడవలోనే గుంట మగ్గం, తాత కాళ్లు గుంటలో, చేతులు పడుగు మీద. అవ్వది వంటింటి పెత్తనం. అమ్మ పొద్దస్తమానం కండెలకు పట్టు నూలు చుడుతూ ఉండేది. నాన్న మాత్రం వేరే ఊళ్లో పని చేస్తూ నెలకోసారి వచ్చేవాడు, వచ్చినా అవ్వకూ అమ్మకూ మధ్య మాట వస్తే గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడేవాడు. నేను ఎనిమిదిలో ఉన్న ఏడాది బొమ్మసంద్రలో కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో మోటార్లకు రాగితీగ చుట్టడానికి ఆడవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి, నూలు చుట్టిన చేతికి తీగ చుట్టడం ఒక లెక్కా అని అమ్మ వెళ్లి అడిగింది, వాళ్లు రమ్మన్నారు. అవ్వ నానా రాద్ధాంతం చేసి, చివరికి ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది: తెల్లవారుజామున బస్సెక్కే లోపల ఇంటిల్లిపాదికీ పప్పు ఉడికి ఉండాలి. సంగటి మాత్రం తానే కెలుకుతానంది, అదే మహా ఉపకారమన్నట్టు.

మీలో నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కట్టెల పొయ్యి మీద కుండలో కందిపప్పు ఉడకడమంటే ఎంతసేపో! పనిలో చేరే ముందు అమ్మ నాలుగు రోజులు వండి చూసుకుంది; మొదటి కోడి కూయకముందే లేచినా, పప్పు మెదిగేసరికి బస్సు మా వీధి మొగ దాటిపోయేది. ఈ అవస్థ చూడలేక మా మేనమామ బెంగుళూరు నుంచి ఒక ప్రెషర్ కుక్కర్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. దానితోపాటే ఒక కిరసనాయిలు స్టవ్వు. అమ్మ ముఖంలో ఆ రోజు చూసిన వెలుగు నేను మళ్లీ చాలా తక్కువసార్లు చూశాను. అమ్మ తల దువ్వుకునేలోపల పప్పు ఉడికిపోయేది.

అవ్వకు ఆ ఈల వింటే ఒళ్లు మంట. తాతకు మాత్రం వేరే దిగులు. మగ్గం మీద ఏది అదిరినా వదులైందనే ఆయన లెక్క. పడుగు సడలితే తాడు బిగించాలి, వెనక వేలాడే బరువు పెంచాలి, అంతేగానీ సడలిన దాన్ని సడలనిచ్చి చూస్తూ ఊరుకునే మనిషి కాదు. మరి ఈ కుక్కర్ నెత్తిన ఉన్న బరువేమో నిమిషం నిలవకుండా గంతులేస్తోంది, పక్కలనుంచి ఆవిరి కారిపోతోంది. పప్పులోని సత్తువంతా ఈలలోనే పోతా ఉండాది కదరా అప్పా అని ఆయన రెండు మూడు రోజులు మథనపడ్డాడు పాపం.

ఒకరోజు తెల్లవారుజామున అమ్మ జడ వేసుకుంటుండగా, అవ్వ పెరట్లో ఉండగా, తాత చప్పుడు చేయకుండా వంటింట్లోకి పోయి, మగ్గానికి వాడే నూలుతాడు తీసుకుని, ఆ ఈల బరువు మీదుగా పోనిచ్చి కుక్కర్ పిడికి ఇటూ అటూ గట్టిగా బిగించి, నేతగాళ్లు వేసే విడిపోని ముడి వేశాడు. ఇక అదరదు, ఆవిరి పోదు. మనసు కుదుటపడి మళ్లీ వచ్చి మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఈల రాలేదేమిటా అని అమ్మ దువ్వెన పట్టుకుని లేచేలోపలే ఢామ్మని చప్పుడు! మూత మీద ఇంకోపక్క ఉండే చిన్న బిళ్ల కరిగి ఎగిరిపోయి, పప్పంతా పెంకుల దాకా చిమ్మింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆ దేవుడి దయ. వాసాల మీదినుంచి పసుపుపచ్చని పప్పు బొట్లు బొట్లుగా కారుతుంటే వీధివీధంతా వచ్చి ముక్కున వేలేసుకుని చూశారు.

అమ్మకు ఆ రోజు బస్సు తప్పింది. కొత్తగా చేరినవాళ్లు రెండు నాగాలు పెడితే పేరు కొట్టేస్తామని ఫ్యాక్టరీలో ముందే చెప్పి ఉన్నారు. అంతకు మించినది అవ్వ నోటినుంచి వచ్చిన మాట: ఈ ఇంట్లో అదన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల. కుక్కర్ పోతే పప్పు కుండకే పోవాలి, పప్పు కుండకు పోతే అమ్మకు బస్సు లేదు, బస్సు లేకపోతే ఉద్యోగమే లేదు. అమ్మ కుక్కర్‌ను తళతళలాడేట్టు తోమి, తుడిచి, మా మామకు తిరిగి పంపడానికి గోనెసంచిలో పెట్టి, కండెల ముందు కూర్చుంది. ఆమె ఏడ్చి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

పేలుడు ఊపుకు తెగి, ముడి విడకుండానే స్టవ్వు వెనక పడి ఉన్న నూలుతాడు నా కంటబడింది మధ్యాహ్నం. ఆ ముడి ఎవరిదో నాకు తెలియదా! అవ్వ ముందు ఆయన్ను నిలబెట్టడం ఇష్టంలేక, తాడు పరికిణీలో దాచుకుని మగ్గం దగ్గరికి వెళ్లాను. తాత తాడు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ తల దించుకుని పడుగులోంచి పోగును ఇటూ అటూ నడిపే నాడె విసరసాగాడు. మా కన్నడ బడిలో టీచరమ్మ చెప్పిన పాఠమంతా కన్నడంలోనే అప్పజెప్పాను, బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ఒత్తిడి అని. ఆయనకు ఒక్క ముక్క ఎక్కలేదు. అప్పుడు, తాతా, పడుగుకు బరువు కట్టుకుంటా, కట్టుకుంటా పోతే ఏమవుతుంది అని అడిగాను. తెగిపోతాది పాపా, యాడ పోగు సన్నంగా ఉండాదో ఆడ, అన్నాడు. మూత మీది బిళ్ల ఆ సన్నపోగే, కుక్కర్‌కు కావాలని పెట్టినారు తాతా, నువ్వు కట్టేస్తే లోపలి ఆవిరికి దారి లేక అది తెగింది, అది తెగబట్టే మనం బతికినాము అన్నాను.

నాడె ఆగిపోయింది. గోనెసంచి విప్పి మూత తెమ్మన్నాడు. బిళ్ల ఎగిరిపోయిన రంధ్రం చుట్టూ బొటనవేలితో చాలాసేపు తడిమి, ఇంత మర్యాద తెలిసిన పాత్రనా నేను కట్టేసింది అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

ఆ సాయంత్రం సంగటి ముద్దల ముందు అందరం కూర్చున్నప్పుడు తాత ఆ తాడు తీసి అవ్వ ముందు పెట్టాడు. తప్పు పాత్రది కాదు, కోడలిది అంతకన్నా కాదు, ముడి నాది అన్నాడు. పెళ్లయిన నాటినుంచీ అవ్వ ఎదుట ఆయన తప్పు ఒప్పుకోవడం అదే మొదలట. అవ్వ, ఇంత వయసొచ్చి పప్పుకు పడుగు కట్టినావా సామీ అని పకపకా నవ్వేసింది, నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. అయినా పట్టు విడవకుండా, దానికి కాపలా ఎవరుంటారు మరి, నేను మాత్రం ఆ దరిదాపులకు రాను అంది. నేనుంటాను అన్నాడు తాత. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. మామ కొత్త బిళ్ల పంపేదాకా ఆమెకు నిద్ర లేదు, సగం పప్పు పక్కింటివాళ్ల పొయ్యి మీద వేసి, పరుగెత్తి బస్సు పట్టుకుంది.

అటు తర్వాత ప్రతి తెల్లవారుజామునా తాత స్టవ్వు పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. అమ్మ ఇక అటు చూడనవసరం లేకుండా డబ్బా సంచిలో పెట్టుకుని బయలుదేరేది. ఆమె వీధి సగం నడిచేసరికి ఈలలు పూర్తయ్యేవి. తాత స్టవ్వు ఆర్పి, గుమ్మంలోకి వచ్చి, వీధంతా వినబడేటట్టు, ఆపేసినానమ్మా, నువ్వు పో! అని కేక వేసేవాడు. అమ్మ వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపేది. పవర్ లూమ్‌లు వచ్చి మా మగ్గం మూలబడ్డాక కూడా ఆయనకు ఆ పని మిగిలింది, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ చేశాడు. అమ్మ జీతంతోనే నేను కాలేజీ మెట్లెక్కాను.

టీచరునయ్యాక ఈ పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద సూత్రం రాసే ముందు పిల్లలకు ఇంట్లో వస్తువులే చూపించేదాన్ని. నీళ్లబిందె కింద నెత్తిమీద పెట్టుకునే చుట్టకుదురు బరువునెలా పరుస్తుందో, పుస్తకాల సంచి పట్టీ సన్నదైతే భుజం ఎందుకు కోసుకుపోతుందో, కత్తిని ఎందుకు నూరుతామో, అన్నీ చెప్పి చివరికి తాత ముడి చెబితే తరగతి గది నవ్వులతో ఊగిపోయేది. పరీక్షలో కొందరు తాత పేరు చెప్పి జవాబు రాసేవారు, నేను మార్కులు వేసేసేదాన్ని.

మనవరాలు కథంతా విని, అయితే మన కుక్కర్‌కు ఎవరు కాపలా అని అడిగింది. ఎవరూ అక్కర్లేదమ్మా, దాని సంగతి అదే చూసుకుంటుంది అన్నాను. మంచిదే కదా, ఎవరి బస్సూ తప్పదు, ఎవరి పైకప్పూ పాడవదు. కానీ ఎందుకో ఆ మాట అన్నాక నాకు మనసు బాగాలేకపోయింది. మర్నాడు పొద్దున మా అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోనులో మీటింగు మాట్లాడుకుంటూనే బూట్లు తొడుక్కుని ఆఫీసుకు బయలుదేరింది. వంటింట్లో కుక్కర్ మీది చిన్న దీపం ఆరిపోయింది, పప్పు ఉడికినట్టు గుర్తు. నేను గబగబా గుమ్మంలోకి వెళ్లి, ఆపేసినానమ్మా, నువ్వు పో! అని కేక వేశాను. అప్పటికే లిఫ్టు తలుపు మూసుకుపోయింది.