నిమ్మరసం తాగిన బండి

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో అజీజ్ మెకానిక్ షెడ్డు ఉండేది. షెడ్డంటే పెద్దదేం కాదు. నాలుగు రేకులు, వాటి మీదికి వంగిన ఒక వేపకొమ్మ, అంతే. ఎవరైనా బండి తోసుకొచ్చి, చెమట తుడుచుకుంటూ ఏమైందో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"నువ్ చెప్పకు. బండిని చెప్పనియ్."

ఇంజను పక్కకు వంగి, కళ్ళు మూసుకుని, "కొట్టు కిక్కు" అనేవాడు. రెండు కిక్కులకల్లా రోగం పేరు బయటపడేది. ప్లగ్గు కాలిందనో, కార్బరేటర్లో చెత్త పడిందనో. చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది. నిజం కానప్పుడు కూడా బండి బాగుపడేది గానీ, ఏం చేస్తే బాగుపడిందో ఎవరికీ చెప్పేవాడు కాదు. అట్లా యాభై దాటేసరికి అజీజ్ చెవికి ఊళ్ళో మంచి పేరు వచ్చింది. ఆ పేరును ఆయన ఇస్త్రీ చొక్కాలాగా చూసుకునేవాడు, ముడత పడనిచ్చేవాడు కాదు.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, రోడ్ల మీద పొయ్యిలు వెలిగించి వంటలు వండారు. రోజుకొక వృత్తి వాళ్ళు టెంటు కింద దీక్షకు కూర్చుంటున్నారు. వకీళ్ళు కూర్చున్నారు, కటింగ్ షాపుల వాళ్ళు కూర్చున్నారు, ఫొటో స్టూడియోల వాళ్ళు కూర్చున్నారు. ఒక రోజు మెకానిక్కుల వంతు వచ్చింది.

ముందు రోజు ఏడుగురు మెకానిక్కులు అజీజ్ షెడ్డులో సమావేశమయ్యారు. అందులో బుచ్చయ్యకు అజీజ్ అంత అనుభవం ఉంది, అజీజ్ అంత పేరు మాత్రం లేదు. ఆ బాధ ఆయన మాటల్లో ఎప్పుడూ వినబడుతూనే ఉండేది.

"ఉత్త ఉపాసం ఎవలైన ఉంటరు. మనం మెకానిక్కులం. దీక్ష ఇడిసే దాక పానా ముట్టద్దు, బండికి కిక్ కొట్టద్దు. అట్లయితెనే పేపర్ల వస్తది" అన్నాడు బుచ్చయ్య.

అందరూ చేతులెత్తి ఒట్టు పెట్టుకున్నారు.

ఇంట్లో అజీజ్ భార్య తహూరా ఈ మాట విని, రంజాన్ పోయి నిండా నెల కాలేదు, మళ్ళీ ఈ ఉపాసమేమిటని అడిగింది. అది అల్లా కోసం, ఇది తెలంగాణ కోసం అన్నాడు అజీజ్. మరి ఇంట్లో పాడైన మిక్సీ ఎవరి కోసం బాగుచేస్తావని అడిగిందామె. ఒట్టు పెట్టుకున్నానని చెప్పి తప్పించుకున్నాడు.

తెల్లవారి ఏడుగురూ మెడలో బంతిపూల దండలతో టెంటు కింద కూర్చున్నారు. వెనక ఫ్లెక్సీ మీద వాళ్ళ పేర్లు, కింద పెద్ద అక్షరాలతో 'దీక్ష విరమణ: రాజమల్లయ్య సారు చేతుల మీదుగా' అని ఉంది. రాజమల్లయ్య సారు చిన్నకోడూరు మనిషి. హెడ్మాస్టరుగా రిటైరై, ఉద్యమంలో దిగి, మండల జేఏసీకి పెద్దయ్యాడు. సాయంత్రం అయిదింటికి వచ్చి నిమ్మరసం ఇవ్వాలి.

నెల రోజులు అలవాటైన పనే కనుక అజీజ్‌కు కష్టమనిపించలేదు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చున్నాడు. ముస్తఫా అనే కుర్ర మెకానిక్కు మాత్రం మాటిమాటికీ పనుందని లేచి వెళ్ళి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. మూడోసారి వచ్చేసరికి మిర్చిబజ్జీ వాసన కూడా వెంట వచ్చింది. అందరూ ఆ వాసననే తృప్తిగా పీల్చుకున్నారు.

అయిదయింది. విలేకరి కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. సారు రాలేదు. కాసేపటికి అజీజ్ ఫోను మోగింది.

"అజీజ్! నేను రాజమల్లయ్యను. బండి ఆగింది. స్టార్ట్ అయితలేదు."

"ఏడున్నరు సార్?"

"ఊరు కనవడుతుంది. చిన్నకోడూరు రోడ్డు మీదనే ఉన్న. మక్కకంకులు కాల్చే కిష్టవ్వ పొయ్యి కాడ. నడ్సి వద్దునే గని మోకాళ్ళు సహకరిస్తలెవ్వు. పైంగ అల్లుని బండి. ఈడ ఇడిసి వస్తే మా మధుసూదన్ ఇగ నా మొకం చూడడు."

బస్సుల్లేవు. ఆ రోజు పట్టణంలో జేఏసీ స్టిక్కరున్న బండ్లు తప్ప ఏవీ తిరగడం లేదు, ఆటోలు కూడా బంద్. మెకానిక్కుల దీక్ష విడిపించాల్సిన మనిషి బండి చెడి రోడ్డు మీద ఉన్నాడు. ఆయన వస్తే తప్ప దీక్ష విడవదు. దీక్ష విడిస్తే తప్ప మెకానిక్కులు బండి ముట్టరు.

"ఎవలిస్తే ఏంది కాకా? నేనిస్త, తాగు" అన్నాడు ముస్తఫా.

"పేరు ఫ్లెక్సీ మీద అచ్చయింది" అన్నాడు బుచ్చయ్య. విలేకరి కూడా తలూపాడు.

అజీజ్ గొంతు సవరించుకున్నాడు. పానా ముట్టనని ఒట్టు పెట్టాడు గానీ, చెవికి ఒట్టేం లేదు. ఫోను స్పీకరు ఆన్ చేసి టెంటు నడుమ పెట్టాడు.

"సార్, ఫోన్ ఇంజన్ కాడ పెట్టున్రి. కిక్ కొట్టున్రి."

గర్‌ర్... అని వచ్చింది. టెంటు కింద అందరూ ఫోను మీదికి వంగారు. అజీజ్ కళ్ళు మూసుకున్నాడు.

"ప్లగ్గు తడిసింది. పెట్రోల్ ఎక్కువైంది."

"తడుసుడు లేదు, ఏం లేదు" అన్నాడు బుచ్చయ్య. "అసలు పెట్రోలే దిగుతలేదు. సార్, టాంకి మూత తీసి నోటితోని ఊదున్రి."

సారు ఊదాడు. ఊదిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. బండి స్టార్ట్ కాలేదు.

"చోక్ ఏసిన్రా సార్?" అని దూరం నుంచి ఒకడు అరిచాడు.

"చాక్‌పీసా?"

"చాక్‌పీస్ కాదు సార్, చోక్!"

"నేను రిటైరైతినయ్యా, జేబుల ఎందుకుంటది?"

చూడవచ్చిన జనం కూడా తలా ఒక వైద్యం చెప్పడం మొదలుపెట్టారు. బండిని పక్కకు పండబెట్టి లేపమని ఒకరు, ముందుకు తోసి గేరు వెయ్యమని ఒకరు. టైర్లలో గాలి తగ్గిందేమో చూడమన్నాడు విలేకరి. అజీజ్ చిరాకుపడి అందరినీ కసిరాడు. ఫోన్లో చప్పుడు సరిగా తెలియడం లేదని ఆయనకూ లోపల అర్థమవుతూనే ఉంది. కానీ ప్లగ్గు అన్నాక ప్లగ్గే.

ఆ సందులో ముస్తఫా ఫోను లాక్కున్నాడు. "సార్, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడున్రి!"

"అబ్బో! కాలిందిరా!"

"ఏ, ఇంజన్ గరమైంది. అందుకే పట్టేసింది. నీళ్ళు పొయ్యిన్రి!"

"నీళ్ళేడియి ఈడ?"

"ఏదో ఒకటి పొయ్యిన్రి సార్! జల్ది!"

ఏదో మూత తీసిన చప్పుడు వచ్చింది. తర్వాత పెనం మీద దోసె పిండి పడ్డట్టు సుయ్ మంది.

"పోసిన" అన్నాడు సారు.

అజీజ్‌కు ఎందుకో అనుమానం వచ్చింది. "ఏం పోసిన్రు సార్?"

సారు గొంతు తగ్గించాడు.

"గదే... మీకని తెచ్చిన నిమ్మరసం."

బుచ్చయ్య మెల్లగా తల తిప్పి ముస్తఫాను చూశాడు. మిగతా నలుగురూ కూడా అట్లాగే చూశారు. ముస్తఫా తన దండలోని పూలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇక చేసేది లేక ఏడుగురూ లేచి, దండలతోనే చిన్నకోడూరు రోడ్డు పట్టారు. అదేదో కొత్త రకం పాదయాత్ర అనుకుని దారిలో జనం కలిశారు. ఎందుకు నడుస్తున్నారో తెలియకుండానే జై తెలంగాణ అంటూ నినాదాలిచ్చారు. ఒకావిడ అజీజ్ నుదుట బొట్టు పెట్టబోయి, గడ్డం చూసి, ఆగి, దండ సర్ది పంపింది. విలేకరి మాత్రం తాను టెంటు దగ్గరే ఫొటో తీస్తానని, ఫ్లెక్సీ అక్కడే ఉందని ఆగిపోయాడు.

ఊరు దాటాక రోడ్డు పక్కన బండి కనిపించింది. ఇంజను జిగటజిగటగా మెరుస్తోంది. దాని మీద ఈగలు. పక్కన రాయి మీద రాజమల్లయ్య సారు ఖాళీ స్టీలు క్యాను ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా కూర్చున్నాడు.

ఏడుగురు మెకానిక్కులు బండి చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి వంగి చూశారు.

"ప్లగ్గే" అన్నాడు అజీజ్.

"పెట్రోలే" అన్నాడు బుచ్చయ్య.

కిష్టవ్వ పొయ్యిలో బొగ్గులు విసురుతూ వీళ్ళనే చూస్తోంది.

"ఇంతమంది మెకానిక్కులు ఒక్క బండి సుట్టు మొక్కుకున్నట్టు నిలవడ్డరేందయ్యా? కూసోరాదున్రి, కండ్లు తిరిగి పడేటట్టున్నరు" అన్నది. కింద బురదగా ఉంది. పరవడానికి ఏమైనా ఉందా అని చుట్టూ చూస్తే, బండి సీటు కింది డబ్బా మూత సందులోంచి ఒక గుడ్డ కొస వేలాడుతోంది. ఆమె వెళ్ళి ఆ కొస పట్టి లాగింది. అది రాలేదు. కాలు తన్నిపెట్టి గుంజింది. బారెడు బట్ట బయటికి వచ్చింది.

"అది బ్యానరవ్వా!" అన్నాడు సారు. "వానకు తడుస్తదని పొద్దుగాల్ల నేనే అండ్ల కుక్కిన."

కిష్టవ్వ అప్పటికే దాన్ని పరిచేసింది. అజీజ్ దాన్ని చూశాడు. 'సకల జనుల' అన్న అక్షరాల మీద అరచేతంత గుండ్రటి నల్లమరక ఉంది. ఆ డబ్బా లోపలే ఉండే, ఇంజను గాలి పీల్చే మూతి సరిగ్గా అంతే ఉంటుంది. దారి కుదుపులకు బ్యానరు జారి, ఆ మూతికి అతుక్కుపోయింది. బండికి ఊపిరాడలేదు. ప్లగ్గు కాదు, పెట్రోలు కాదు. గాలి సంగతి ఏడుగురిలో ఒక్కడి నోటా రాలేదు.

అజీజ్ చెవులు వేడెక్కాయి. ఇంకెవరూ చూడకముందే వెళ్ళి సరిగ్గా ఆ మరక మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

అంతలో ఊళ్ళో అజాన్ వినిపించింది. కిష్టవ్వ పొయ్యి పక్కన కంకులకు రాయడానికి కోసిపెట్టిన నిమ్మకాయ చెక్కలు సారుకు కనిపించాయి.

"నిమ్మరసం ఏ గిలాసల ఉంటే ఏంది?" అని ఒక చెక్క తీసి, అజీజ్ నోరు తెరిపించి పిండాడు. గింజ కూడా పడింది. తర్వాత మిగతా ఆరుగురికీ పిండాడు. జనం జై తెలంగాణ అన్నారు. కిష్టవ్వ తలా ఒక వేడి కంకి చేతిలో పెట్టింది. పళ్ళు పులిసిపోయి ముఖాలు వంకర తిరిగినా, అందరూ తల ఎత్తకుండా కొరకడంలో పడ్డారు.

సారు చేతులు తుడుచుకుంటూ బండి దగ్గరికి వెళ్ళి, ఆశ చావక, ఒక కిక్కు కొట్టాడు.

బండి భగ్గున స్టార్ట్ అయింది.

"నేను జెప్పలే!" అని ముస్తఫా కంకి పైకెత్తి గంతేశాడు. "నిమ్మరసం పన్జేసింది! ఇంజన్ సల్లవడ్డది!"

జనం చప్పట్లు కొట్టారు. బుచ్చయ్య నోటినిండా మక్కగింజలతో అజీజ్ వైపు చూశాడు, ఏమంటాడోనని. అజీజ్ కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

"బంద్ చెయ్యకున్రి సార్!" అన్నాడు మాట మళ్ళించడానికి.

సారు ఆ మాటను ఒట్టులా తీసుకున్నాడు. బంద్ చేస్తే మళ్ళీ స్టార్ట్ కాదేమోనన్న భయంతో, ఆగమన్నా వినిపించుకోకుండా, గేరు వేసి సిద్దిపేట వైపు వెళ్ళిపోయాడు. టెంటు దగ్గర దీక్ష విరమింపజేయడానికి ఆయనకు ఖాళీ పరుపులు మాత్రమే దొరికాయి. మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వచ్చింది. ఆన్‌లో ఉన్న బండి మీద రాజమల్లయ్య సారు, వెనక ఏడు పేర్ల ఫ్లెక్సీ, మధ్యలో ఎవరూ లేరు.

దీక్ష రోజు సాయంత్రమే అజీజ్ బ్యానరు మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. తహూరా రాత్రికి దాన్ని నానబెట్టింది గానీ మరక పోలేదు. ఏమిటిదని అడిగితే ఆమెకొక్కదానికి చెప్పాడు. ఆమె పడీపడీ నవ్వి, మిక్సీ తెచ్చి ముందు పెట్టింది. దానికీ గాలి ఆడటం లేదేమో చూడమంది.

సమ్మె ముగిసింది. షెడ్డు ముందు మళ్ళీ బండ్లు నిలబడ్డాయి. అయితే వాటిలో కొన్నింటి ఇంజన్ల మీద చీమలు పట్టి ఉండేవి. ముస్తఫా మాట అప్పటికే ప్రజ్ఞాపూర్ దాకా పాకింది. నిమ్మకాయలు కొనేవాళ్ళు కొంటున్నారు, పిండేవాళ్ళు పిండుతున్నారు. అసలు సంగతి చెబుదామని అజీజ్ చాలాసార్లు నోరు తెరిచాడు. చెబితే తన ప్లగ్గు సంగతి కూడా చెప్పాలి. నోరు మూసుకుని, కిరసనాయిలు గుడ్డతో జిగురు తుడిచి, పంపేవాడు.

ఒకనాడు చింతమడక నుంచి ఒక రైతు ఇంత దూరం బండి తోసుకొచ్చాడు. చేతిలో సంచి, సంచిలో డజను నిమ్మకాయలు.

"కాకా, పొయ్యాల్నంటే నేనే పోసుకుందునే గని, ఒక్కటి తెల్వలే" అన్నాడు చాలా వినయంగా. "రసంల చక్కెరెయ్యాల్నా, ఉప్పెయ్యాల్నా?"

అజీజ్ ఆ మనిషిని, ఆ నిమ్మకాయలను, ఆ బండిని చాలాసేపు చూశాడు.

"ఉప్పెయ్యకు" అన్నాడు చివరికి. "తుప్పు పడ్తది."