గరాటు షీటు

మైదుకూరు బస్సులో నా ఒళ్లో మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీటు ఉంది. శంకువును విప్పి పరిస్తే వచ్చే ఆకారం గీశాను. బోర్డు మీద ఉన్నట్టు లేదని సారు ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశాడు. ఆడపిల్లవు, మెకానికల్ మానుకోమన్నాడు.

పక్కన కూర్చున్న ముసలాయన రేకు గరాటులు చేసి అమ్ముకుంటాడట. షీటులోకి తొంగిచూశాడు.

“గరాటు కదమ్మా ఇది. సరిగ్గానే ఉండాది. ఎవురు కొట్టేసినారు?”

“మా సారు.”

“ఆయప్ప చుట్టి చూసినాడా?”

సంచిలోంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. “అతుకుకు ఏలెడు ఇడిసి కత్తిరించు.”

కత్తిరించి చుట్టాను. అంచులు చక్కగా కలిశాయి.

“రేకుతో చేస్తే అతుకులో చుక్క కారదు” అన్నాడు.

మర్నాడు దాన్ని జిగురుతో అతికించి, ఎర్ర గీత బయటికి కనిపించేలా సారు బల్ల మీద నిలబెట్టాను. వెళ్లి మెకానికల్ క్లాసులో ముందు వరుసలో కూర్చున్నాను.