సిక్ అని రాసిన యాంప్

గది వదిలి వెళ్లే ప్రతిసారీ యాంప్ మీది నాబ్‌లకు ఫోన్‌తో ఫొటో తీసుకునేదాన్ని. తిరిగొచ్చాక పోల్చి చూసేదాన్ని. ఒక్క నాబ్ గీతంత పక్కకు జరిగినా ఆ రోజు ఇంట్లో అందరూ దొంగలే. దుమ్ము తుడిచానని అమ్మ అంటే, తుడిచిన గుడ్డ చూపించమనేదాన్ని. నాది అంత అనుమానపు బుద్ధి.

గమ్హరియాలో పెళ్లిళ్లకు వాయించే ఒకతను ఆ పని మానేస్తూ నాకిచ్చిన పాత యాంప్ అది. గిటార్ తగిలించి మీటితే పర్సుడీహ్‌లోని మా రెండు గదుల ఇంటి కిటికీలు అదిరేవి. కాలేజీలో మా బ్యాండు మొదటి ప్రదర్శన దగ్గర పడుతోంది. యాంప్ లేకపోతే నా చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటారని నా భయం.

నాన్న టాటానగర్‌లో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టర్. నా వాయింపు గురించి మంచీ చెడూ ఏనాడూ అనలేదు. ఏమీ అనని మనిషిని నమ్మడం ఎలా? ఒక శుక్రవారం నేను వచ్చేసరికి యాంప్ వెనక చాక్‌పీసుతో, ఇంగ్లిషులో, పెద్ద పెద్ద అక్షరాలు: సిక్. నాకు ఒళ్లు మండిపోయింది. నా సంగీతం ఆయనకు రోగంలా ఉందన్నమాట. మర్నాడు పొద్దున్న ఆయన ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను.

"ఆదివారం పట్టుకొత్తాను. మొత్తం విప్పీవాల. ఇలాటిది ఇంట్లో ఉంచకూడదు."

పాత ఇనుము కొనే కబాడీవాడే, ఇంకెవడు? నా యాంప్‌ని విప్పి ఇనుమొకవైపు, రాగి ఒకవైపు పోస్తాడు. నాన్న డ్యూటీకి వెళ్లగానే ఆటో పిలిచి దాన్ని నది అవతలి మాంగోకి, మా డ్రమ్మర్ అమ్మాయి ఇంటికి చేర్చాను. వంతెన మీద కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఎవరడిగినా లేదని చెప్పమని ఆ అమ్మాయికి రెండుసార్లు చెప్పాను. ఆమెనూ పూర్తిగా నమ్మలేదు, నాబ్‌లకు ఫొటో తీసుకునే వచ్చాను.

ఆదివారం నాన్న గోనెపట్టా పట్టుకుని గదిలోకి వచ్చాడు.

"డబ్బా ఏదమ్మా?"

"బేచ్ దియా," అన్నాను. అమ్మేశానని. మా ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో అడుగుతారు, నేను హిందీలో జవాబిస్తాను. అబద్ధం ఆ భాషలో ఇంకాస్త సులువుగా వచ్చింది.

ఆయన ముఖం పాలిపోయింది. తిడతాడని ఎదురుచూశాను.

"ఎవులికి? కొన్నోడి నంబరుందా? బేగి ఫోన్ సెయ్యి. ప్లగ్గు పెట్టొద్దను."

"క్యోం?" ఎందుకని అడిగాను.

"సిక్ అని రాసినాను గదా. మా కాడ అలా రాసిన బండిని బాగయ్యేదాకా ఎవులూ వాడరు. గిటార్ తీగలు ముట్టుకుంటే సురుక్కుమంటన్నాయని మీ అమ్మకి సెప్పినావు. టెస్టర్ పెట్టి సూసినాను, బాడీకి కరెంటొత్తంది. మా ఎలక్ట్రీషియను విప్పి బాగుసేత్తానని ఇంటికాడ కూకున్నాడు."

జబ్బు చేసిన వ్యాగన్ మీద సిక్ అని రాసి మరమ్మతు లైనులో నిలబెడతారట. రైల్వే ఇంట్లో పుట్టి ఆ మాటకు అర్థం ఒక్కసారి కూడా అడగలేదు నేను. వెంటనే మాంగోకి ఫోన్ చేశాను. సాయంత్రం బ్యాండువాళ్లు వస్తున్నారని, ఇప్పుడే హాల్లోకి తెచ్చి పెట్టామని, ఇంకా ప్లగ్గు పెట్టలేదని ఆ అమ్మాయి చెప్పింది. ముట్టుకోవద్దని మూడుసార్లు అన్నాను.

ఫోన్ పెట్టేసేసరికి నాన్న గోనెపట్టా మడత పెడుతూ నా వైపే చూస్తున్నాడు. కొన్నవాడెవడూ లేడని ఆయనకు అర్థమైపోయింది.

"అమ్మలేదు నాన్నా," అన్నాను, తెలుగులో. "నువ్వు కబాడీకి ఇచ్చేత్తావని దాచినాను."

ఆయన గోనెపట్టా మడత పెట్టడం ఆపాడు.

"నీ సామాను నేనిచ్చేత్తానా?" అని మాత్రం అడిగాడు.

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. సిగ్గుపడుతూ ఆయన చేతిలోని గోనెపట్టా అందుకుని, మాంగోకి ఆటో పిలిచాను.