ఉత్తరంలో నేను కలిపిన మాట

బందరు ప్లీడరు గారి కార్డు వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. గుడివాడ డాక్టరు మా నోటీసుకి జవాబిచ్చాడట. అప్పట్లో మేం రాసిన ఉత్తరానికి నకలు కూడా జతచేశాడట. అమ్మనీ, ఆ ఉత్తరం రాసిన పిల్లనీ వెంటబెట్టుకుని నాన్నని రమ్మన్నారు. ఆ పిల్ల నేనే.

అంతకు కొన్ని నెలల ముందు గుడివాడలో అమ్మ మెడ మీద గడ్డలా లేచిన కాయకి ఆపరేషన్ చేశారు. కాయ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. గుసగుస తప్ప మాట లేదు. మా దివిసీమ పల్లెలో ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది అమ్మే, పిల్లలకి బైబిలు కథలు చెప్పేదీ అమ్మే. నెల తిరిగేసరికి గొంతు వస్తుందని డాక్టరన్నాడు, మేం నమ్మాం. ఆస్పత్రి నుంచి ప్రాణాలతో ఇంటికొస్తే ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూటం పెట్టుకోవడం, వైద్యం చేసినవాళ్ళకి ఉత్తరం రాయడం మా ఇళ్ళలో ఆనవాయితీ. అమ్మ గుసగుసగా చెబుతుంటే నేను రాశాను. పద్నాలుగేళ్ళ అతి తెలివి ఊరుకుంటుందా? చివర్లో ‘గొంతు కూడా వచ్చేసింది, మొన్న చర్చిలో పాడాను’ అని సొంతంగా కలిపాను. ఉత్తరం నిండుగా ఉంటుందనిపించింది. అమ్మ చదవకుండానే సంతకం పెట్టింది. నెలలు గడిచినా గొంతు మాత్రం రాలేదు; నష్టపరిహారం అడుగుతూ నాన్న బందరు ప్లీడరు గారి చేత డాక్టరుకి ఆ నోటీసు ఇప్పించారు.

బందరు వెళ్ళే బస్సు పులిగడ్డ దాటేలోపు నాన్నకి నిజం చెప్పేయాలనుకున్నాను. నాన్నకి కోపమొస్తే నోటికన్నా ముందు చెయ్యి లేస్తుంది. బందరు వచ్చేసింది, నేను చెప్పలేదు.

ప్లీడరు గారు నకలు పైకి చదివారు. ఆ ఆఖరి మాట దగ్గర నాన్న తల గిర్రున నా వైపు తిరిగింది.

“ఇది మీరు రాయమన్నారామ్మా?” అని ప్లీడరు గారు అమ్మనడిగారు. “కాదంటే కేసు నిలబెట్టొచ్చు. అమ్మాయి కోర్టుకొచ్చి, నేనే కల్పించానని చెప్పాలి.”

అమ్మ నన్ను చూసింది. నాన్న చేతి వైపు చూసింది.

“నేనే రాయమన్నానండి,” అంది గుసగుసగా.

అబద్ధమాడకూడదని ఊరి పిల్లలందరికీ నేర్పిన మనిషి ఆమె. ప్లీడరు గారు కాగితాలు మడిచి నాన్న చేతికిచ్చేశారు.

తిరుగు బస్సులో నాన్న ముందు సీటుకి వెళ్ళి కూర్చున్నారు. అమ్మ నా చెయ్యి వదల్లేదు. చేజేతులా కేసు పోగొట్టావని ఆయన బతికున్నన్నాళ్ళూ అమ్మని దెప్పుతూనే ఉన్నారు. గట్టిగా బదులు చెప్పడానికి ఆమెకి గొంతు లేదు. నాకుంది. నేను చెప్పలేదు.