ఆర్గన్‌లో దూరిన పోసం

ఈ పరాయి దేశంలో, పాపటోయిటోయి అనే ఊళ్ళో మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన చేసుకునే చర్చి విక్టోరియా రాణి కాలం నాటిది. భూకంపం వస్తే నిలవదని ఇంజినీరు తేల్చడంతో పడగొట్టాలని నిర్ణయించారు. ఆఖరి ఆరాధనకు వారం ముందు పాస్టరుగారు నన్ను పట్టుకున్నారు.

“సిస్టర్, మీరు రెస్ట్ హోమ్‌లో నర్సు కదా. అక్కడి పెద్దవాళ్ళని అడిగి ఈ చర్చి చరిత్ర రాసుకురండి. ఆఖరి ఆరాధనలో చదవడానికి ఐదు నిమిషాలు చాలు. కొంచెం గంభీరంగా ఉండాలి మరి.”

మా రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, తొంభై దాటిన తెల్లావిడ ఒకామె ఉండేది. బాప్తిస్మం, పెళ్ళి అన్నీ ఆ చర్చిలోనే. టీ ఇచ్చి, నోట్‌బుక్ తెరిచి పక్కన కూర్చున్నాను.

“పునాదిరాయి ఎవరు వేశారండీ?”

“నాకేం తెలుసు? అప్పటికి నేను పుట్టానా? నా పెళ్ళిరోజు ఆర్గన్‌లో పోసం దూరింది. అది రాసుకో.”

పోసం అంటే ఇక్కడ చెట్లూ అటకలూ ఆక్రమించే పిల్లి సైజు జంతువు. ఆర్గన్ వాయించేవాడు గాలి పెడళ్ళు ఎంత తొక్కినా మూలుగు తప్ప రాగం రాలేదట. ఇంకా గట్టిగా తొక్కేసరికి అది బయటికి దూకి, పెళ్ళికూతురి మేలిముసుగు పట్టుకుని వేలాడిందట. పెళ్ళికొడుకు ఒక్క గెంతులో, పాస్టరు ప్రసంగించే ఎత్తైన పుల్పిట్ ఎక్కేశాడట.

“మరి మీరేం చేశారు?”

“ముసుగుతోనే మూటకట్టి బయట పడేశాను. ఆయన్ని దింపడానికే పావుగంట పట్టింది. భయపడ్డానని చచ్చేదాకా ఒప్పుకోలేదు. పైనుంచి కాపలా కాశాడట!”

మూడు రోజులు అడిగాను. ఆవిడ దగ్గర వేరే చరిత్ర లేదు.

ఆఖరి ఆరాధనకు ఆవిడను వీల్‌చెయిర్‌లో తీసుకెళ్ళాను. తెలుగులో చదవడం మొదలుపెట్టాను. పెళ్ళికొడుకు పుల్పిట్ ఎక్కే చోటికి వచ్చేసరికి, అదే పుల్పిట్‌పై నిలబడ్డ పాస్టరుగారు మెల్లగా కిందికి దిగారు. ముందు బెంచీలో ఒక ఆంటీ చెంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. ఆమెతో మొదలై చర్చంతా నవ్వింది. తెలుగు ముక్క రాని పెద్దావిడ “పోసం” అని వినబడినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. “ప్రార్థన చేసుకుందాం” అన్న పాస్టరుగారు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆగిపోయారు.

తర్వాతి వారం, పడగొడుతుంటే చూడాలని ఆవిడ పట్టుబట్టింది. కారులో తీసుకెళ్ళాను. యంత్రం పైకప్పు లాగేయగానే గోడల మధ్య ఆకాశం కనిపించింది. రుమాలు కోసం బ్యాగులో వెతికాను.

“ఏడుస్తున్నావా?” అంది.

“లేదండీ.”

“అయితే కారు తియ్యి. రెండింటికి హోమ్‌లో బింగో ఆట ఉంది.”

మేం చేరేసరికి రెండుంపావు అయింది, ఆట మొదలైపోయింది. రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.