సబ్బాతు పూట ఆటో ఎక్కిన నర్సు

డిగ్నాబాద్‌లో మా మేడ మీద అద్దెకుండే కాంట్రాక్టర్ రామ్‌ప్రసాద్‌కి భక్తి ఉందని నేనెప్పుడూ నమ్మలేదు. ఉన్నదల్లా ఫొటోల పిచ్చి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డ నాలుగు తెలుగు యూదు కుటుంబాలకి పెద్దనని తనకు తనే చెప్పుకున్నాడు. ఇజ్రాయెల్ టూరిస్టులు కనబడితే చాలు, శుక్రవారం సాయంత్రం సబ్బాతు భోజనానికి పట్టుకొచ్చి, నెత్తిన టోపీ సర్దుకుని ఫొటోకి నిలబడేవాడు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా వాళ్లకి సబ్బాతు; పని చెయ్యకూడదు, ఫోన్ ముట్టకూడదు, బండెక్కకూడదు.

అసలు చాకిరీ అంతా మంజుది. ఆ నాలుగు కుటుంబాల్లోదే, చిన్న పిల్ల, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలూ పండగలూ అందరి డ్యూటీలూ తను చేసి, శనివారాలు సెలవు తెచ్చుకునేది. శుక్రవారం తనుండే ప్రోతరాపూర్ నుంచి బస్సులో వచ్చి రొట్టెలు కాల్చేది, పిల్లలకి హీబ్రూ అక్షరాలు దిద్దించేది. ఊళ్లో వాళ్ల ప్రార్థనకి అతని ఇల్లు తప్ప మరో చోటు లేదు. అందుకే రామ్‌ప్రసాద్ ఎంత విసుక్కున్నా పడి ఉండేది. చూసే నాకే ఒళ్లు మండేది.

పోయిన నెల ఒక శుక్రవారం ఇద్దరు ఇజ్రాయెల్ అమ్మాయిలు అతిథులు. నన్నూ పిలిచాడు. కొవ్వొత్తులు వెలిగించాక అతని తల్లి కనకలక్ష్మమ్మ ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె పట్టుకుని కూలబడింది. మంజు నాడి చూసి ఫోన్ తీసింది.

"ఫోన్ లోపల పెట్టు. సబ్బాతు మొదలైంది, మెహమాన్లు చూస్తున్నారు," అన్నాడు రామ్‌ప్రసాద్. అప్పటిదాకా ఫొటోలు తీయించుకున్నది ఈయనే.

"భయ్యా, అమ్మకి హార్ట్ ఎటాక్‌లా ఉంది. ప్రాణం మీదికొస్తే సబ్బాతు అడ్డు రాదు."

"నాకే నేర్పుతావా? గుమ్మం దాటితే మళ్లీ ఇక్కడ అడుగు పెట్టొద్దు."

తల్లి నేల మీద, వీడి చూపు అతిథుల మీద. ఛీ అనిపించింది. అంబులెన్స్ ఆలస్యమవుతుందన్నారు. మంజు, నేను ముసలావిడని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపాం. ఎవరి కోసం ఈ నాటకమంతా ఆడాడో ఆ అమ్మాయిల్లో ఒకతె అప్పటికే చెప్పుల్లేకుండా పరిగెత్తి కింద ఆటో ఆపింది.

మంజు ఆమెని ఆటోలో తన ఆసుపత్రికి చేర్చింది. ముసలావిడ బతికింది. మంజుకి మాత్రం ఆ తలుపు మూసుకుపోయింది. సబ్బాతు మీరిన పిల్ల అని నలుగురికీ చెప్పుకొచ్చాడు మహానుభావుడు.

డిశ్చార్జి మరో శుక్రవారం మధ్యాహ్నం అయింది. రామ్‌ప్రసాద్ కారు తెచ్చాడు. కొత్త అతిథులొస్తున్నారట, తల్లి చేత కొవ్వొత్తులు వెలిగిస్తే ఫొటో బాగుంటుందట. కనకలక్ష్మమ్మ కారెక్కకుండా మంజు చెయ్యి పట్టుకుంది.

"మీ ప్రోతరాపూర్ బస్సు ఎప్పుడే?"

"అమ్మా, మెహమాన్లకి ఏం చెప్పను?" అన్నాడు రామ్‌ప్రసాద్.

"మా అమ్మ సబ్బాతుకి వెళ్లిందని చెప్పు."